ఒకప్పుడు కోర్టుకెక్కిన నవలలు ఇప్పుడు సిలబస్‌లోకి ఎలా వచ్చాయి?

అడిగిన ప్రశ్న ఇది: "ఒక కాలంలో బూతనీ, సమాజానికి చేటనీ తిట్టి, నిషేధించి, తగలబెట్టిన నవలలే తరవాత క్లాసిక్స్ ఎలా అయిపోతాయి? అప్పటివాళ్ళకి సాహిత్యం తెలియలేదా, లేక ఇదంతా గొడవ వల్ల వచ్చిన పబ్లిసిటీయేనా?" నేను చాలాకాలం డిగ్రీ కాలేజీలో ఇంగ్లిషు సాహిత్యం పాఠం చెప్పాను. ఇలాంటి నవలలు కొన్ని క్లాసులో చెప్పాల్సి వచ్చింది, కొన్నిటి కేసుల చరిత్ర సరదా కొద్దీ చదువుకున్నాను. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు పబ్లిసిటీ సంగతి తేల్చేద్దాం. గొడవ జరిగితే పుస్తకం అమ్ముడుపోతుంది, నిజమే. అమ్ముడుపోయినవన్నీ నిలవవు. 1858లో పారిస్‌లో ఎర్నెస్ట్ ఫేదో అనే ఆయన 'ఫానీ' అని ఒక నవల రాశాడు. పెళ్ళయిన ఆవిడ, ఆవిడ ప్రియుడు, ఆ ప్రియుడికి ఆవిడ మొగుడి మీదే అసూయ. ఊరంతా ముక్కున వేలేసుకుంది, ఊరంతా కొంది. ఒక్క ఏడాదిలో పదమూడు ముద్రణలు. ఇవాళ ఆ పేరు ఫ్రెంచి సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. దానికి ఏడాది ముందు అలాంటి కథతోనే వచ్చి కోర్టుకెక్కిన 'మదాం బోవరీ' మాత్రం ప్రపంచంలో ఏ మూల సాహిత్యం చదివేవాళ్ళకైనా తెలుసు. రెంటికీ గొడవ ఉంది. తేడా ఇంకెక్కడో ఉంది.

ఇక అప్పటివాళ్ళకి సాహిత్యం తెలియదన్న మాట. దీన్ని నేను అసలు ఒప్పుకోను. కేసులు పెట్టినవాళ్ళు చాలాసార్లు ఆ పుస్తకాన్ని అభిమానుల కంటే జాగ్రత్తగా చదివారు. అందులో కొత్త ఏమిటో, అది ఎవరికి ఎసరు పెడుతుందో వాళ్ళకే ముందు అర్థమైంది. తరవాతి తరం తలకెత్తుకున్నది కూడా సరిగ్గా దాన్నే. తిట్టిన కారణమే మెచ్చుకునే కారణంగా మారడం, నా దృష్టిలో క్లాసిక్ కావడమంటే ఇదే. అది దానంతట అది జరగదు, కొందరు పూనుకుంటే జరుగుతుంది. ఎలాగో చెప్తాను.

'మదాం బోవరీ'నే తీసుకోండి. పల్లెటూరి డాక్టరు భార్య ఎమ్మా. కాపురం మీద విసుగెత్తి, నవలల్లో చదివిన ప్రేమలు తనకీ కావాలనుకుని, ఇద్దరు మగవాళ్ళతో సంబంధం పెట్టుకుని, అప్పుల్లో కూరుకుపోయి, చివరికి విషం తిని చచ్చిపోతుంది. కథగా చూస్తే మన పేపర్లో జిల్లా పేజీలో కనబడే వార్తే. రచయిత ఫ్లోబేర్ దాని మీద దాదాపు అయిదేళ్ళు కూర్చున్నాడు. 1856 చివర్లో ఒక పారిస్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది.

ఆ పత్రికవాళ్ళకే భయం వేసి ఒక సీను కోసేశారు. రువాఁ పట్నంలో ఎమ్మా, లెయోఁ అనే కుర్రవాడు ఒక అద్దె గుర్రబ్బండి ఎక్కుతారు. తెరలు దించేస్తారు. బండి ఊరంతా తిరుగుతూనే ఉంటుంది. బండివాడు ఎక్కడ ఆపబోయినా లోపల్నుంచి 'పోనీ, పోనీ' అని అరుపు. గుర్రాలకి చెమటలు, బండివాడికి దాహం, అలసట, ఏడుపొక్కటే తక్కువ. ఈ తెరలు మూసిన బండి మళ్ళీ మళ్ళీ కనబడుతుంటే రేవులో జనం నోళ్ళు తెరుచుకుని చూస్తారు. ఒక్కసారి మాత్రం తెర కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి చింపిన కాగితం ముక్కలు గాలికి వదిలేస్తుంది. 'ఇంక మనం కలవొద్దు' అని అతనికి ఇద్దామని ఆవిడ రాసి తెచ్చుకున్న ఉత్తరం అదేనని మనం ఊహించుకోవాలి. సీను అంతే. లోపల ఏం జరిగిందో ఒక్క వాక్యం లేదు. కోసేసినవాళ్ళు బూతు ఉందని కొయ్యలేదు, బూతు లేకుండానే అంతా చెప్పేశాడని కోశారు.

1857 జనవరి 29న విచారణ. ప్రాసిక్యూటర్ పేరు ఎర్నెస్ట్ పినార్. ఆయన పట్టుకున్న ఘట్టాల్లో ఒకటి చూడండి. ఎమ్మా మొదటిసారి తన మొదటి ప్రియుడు రొడాల్ఫ్‌తో అడవికి వెళ్ళి ఇంటికి తిరిగొస్తుంది. అద్దంలో తన మొహం చూసుకుని ఆశ్చర్యపోతుంది. కళ్ళు ఇంత పెద్దగా, ఇంత నల్లగా ఎప్పుడూ లేవు. నాకు ప్రియుడున్నాడు, ప్రియుడున్నాడు అని పదేపదే అనుకుంటుంది. ఇంతకాలం ఆశ వదులుకున్న ఆనందం ఇప్పుడు తన చేతికి రాబోతోంది, అక్కడంతా మోహమే, పారవశ్యమే అన్న ధోరణిలో వాక్యాలు సాగుతాయి. పినార్ ఇది వ్యభిచారాన్ని నెత్తికెత్తుకోవడం కాక మరేమిటన్నాడు. ఆ వాక్యాలు అన్నది ఎవరు? రచయితా, ఎమ్మానా? 'అని ఆమె అనుకుంది' అన్న తోక లేకుండా పాత్ర మనసులో మాటని కథకుడి గొంతులో రాయడం ఇవాళ మన వారపత్రిక కథల్లో కూడా మామూలే. అప్పటి ఫ్రెంచి నవలల్లో అది అంత మామూలు కాదు. పినార్ ఆ వాక్యాలని రచయిత ఖాతాలో రాసేశాడు. అక్కడ తడబడ్డాడు.

కానీ ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. అది మాత్రం ఎంత పదునైనదో చూడండి. ఈ పుస్తకం మొత్తంలో ఈ ఆడమనిషిని తప్పుపట్టే అర్హత ఎవరికుంది? మొగుడా, వాడొక అమాయకుడు, అన్నీ తెలిశాక కూడా ఆవిడనే తలుచుకుంటూ పోతాడు. మతగురువుకి ఆవిడ బాధ ఏమిటో కూడా అర్థం కాదు. మందులషాపు ఆయన ఒట్టి గొప్పల మనిషి. రచయిత అయినా ఒక మాట అంటాడా అంటే అనడు. పుస్తకంలో తీర్పు చెప్పే మనిషే లేడు, కాబట్టి ఇది అవినీతి పుస్తకం అని ఆయన వాదన. ఆ గమనింపు అక్షరాలా నిజం. తరవాత నూటయాభై ఏళ్ళుగా ప్రపంచంలోని ప్రొఫెసర్లు ఫ్లోబేర్ గొప్పదనంగా పాఠం చెప్తున్నది దాన్నే. రచయిత పక్కకి తప్పుకుని తీర్పు పాఠకుడికి వదిలెయ్యడం. పినార్ సరిగ్గా చదివి, తప్పు మార్కులు వేశాడంతే.

ఫిబ్రవరి 7న కేసు కొట్టేశారు. కోర్టేమీ పొగిడి వదల్లేదు, సాహిత్యం పని మనసుని ఉన్నతంగా చెయ్యడమని గట్టిగా మందలించి వదిలింది. అదే ఏడాది ఆగస్టులో అదే పినార్ బోద్‌లేర్ కవితల మీద కేసు పెట్టి గెలిచాడు. మూడువందల ఫ్రాంకుల జరిమానా, ఆరు కవితలు పుస్తకంలోంచి తీసెయ్యాలి. ఆ తీర్పుని ఫ్రాన్స్ 1949లో గాని రద్దు చెయ్యలేదు. ఈలోపు బోద్‌లేర్ ఫ్రెంచి కవిత్వానికే పెద్ద దిక్కు అయి కూర్చున్నాడు. కోర్టు కాగితం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది.

ఇంక రెండో సంగతి. పుస్తకంలో ఏముందన్నది సగం భయమే. ఎవరి చేతికి వెళ్తుందన్నది మిగతా సగం. దీనికి 'లేడీ చాటర్లీస్ లవర్' కేసుని మించిన ఉదాహరణ లేదు.

డి.హెచ్. లారెన్స్ దాన్ని 1928లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో సొంతంగా అచ్చు వేయించుకున్నాడు, వెయ్యి కాపీలు. అచ్చు కూర్చినవాళ్ళకి ఇంగ్లిషు రాదు, కాబట్టి ఎవరికీ సిగ్గు వెయ్యలేదు. పక్షవాతంతో కుర్చీకి పరిమితమైన జమీందారు భార్య, వాళ్ళ అడవికి కాపలా కాసే మనిషి, వాళ్ళిద్దరి సంబంధం. శృంగారం దాచకుండా రాశాడు, నాటుమాటలు నాటుగానే రాశాడు. దొంగ ముద్రణలు వచ్చాయి, రహస్యంగా చేతులు మారాయి. 1930లో లారెన్స్ పోయాడు. కోతలు పెట్టిన ప్రతి ఒకటి 1932లో బయటికొచ్చింది. పూర్తి ప్రతి ఇంగ్లండులో మామూలు షాపులో దొరకడానికి మరో ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

మధ్యలో చట్టం మారింది. 1959లో బ్రిటన్ పార్లమెంటు అశ్లీల ప్రచురణల చట్టాన్ని తిరగరాసింది. రెండు ముఖ్యమైన మార్పులు. పుస్తకాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూడాలి. సాహిత్య విలువ ఉందని నిపుణుల చేత సాక్ష్యం చెప్పించుకోవచ్చు. పెంగ్విన్ ప్రచురణకర్త అలెన్ లేన్ ఇదే అదనుగా రెండు లక్షల కాపీలు అచ్చు వేయించి, మూడున్నర షిల్లింగుల ధర పెట్టాడు. సిగరెట్లు కొనుక్కునే వాడెవడైనా కొనుక్కోగల ధర. అమ్మకముందే పన్నెండు కాపీలు పోలీసులకి తనే అందజేసి, కేసు పెట్టుకోండి అన్నాడు.

1960 అక్టోబరు 20 నుంచి నవంబరు 2 దాకా లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ. ప్రాసిక్యూటర్ మెర్విన్ గ్రిఫిత్ జోన్స్ బూతుమాట ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుని వచ్చి చదివి వినిపించాడు. జ్యూరీని ఒక ప్రశ్న అడిగాడు: ఇది మీ ఆవిడ చదవాలనో, మీ ఇంట్లో పనివాళ్ళు చదవాలనో మీరు కోరుకుంటారా? జ్యూరీలో తొమ్మిదిమంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఇంట్లో పనివాళ్ళని పెట్టుకునే స్థోమత ఎంతమందికి ఉందో మీరే ఊహించుకోండి. కేసు ఆ ఒక్క ప్రశ్నతోనే సగం పోయిందంటారు.

నవ్వుకోవడానికి బాగుంటుంది గాని, ఆయన కూడా సరిగ్గానే చదివాడని నా వాదన. ఆ నవల నిండా ఉన్నది అదే గొడవ. పెద్దింటి ఆడది, పనివాడు, వాళ్ళ మధ్య గోడ. అంతకుముందు డబ్బున్నవాళ్ళు పారిస్ వెళ్ళినప్పుడు ఈ పుస్తకం తెచ్చుకుంటూనే ఉన్నారు, ఎవరూ కోర్టుకి లాగలేదు. కాపలావాడి కథ కాపలావాళ్ళే చదివే ధరకి రాగానే ప్రభుత్వం లేచింది.

పెంగ్విన్ తరఫున ముప్ఫై అయిదుగురు సాక్ష్యం చెప్పారు. ఇ.ఎం. ఫార్‌స్టర్, రెబెకా వెస్ట్ లాంటి రచయితలు, యూనివర్సిటీవాళ్ళు, ఒక బిషప్ కూడా. కార్మిక కుటుంబం నుంచి వచ్చిన రిచర్డ్ హాగర్ట్ అనే అధ్యాపకుడు ఇది నీతి పుస్తకం, ఇంకా మాట్లాడితే చాదస్తపు నీతి పుస్తకం అన్నాడు. ప్రాసిక్యూటర్‌కి దిమ్మ తిరిగింది. బూతు పేరాలు చదివి ఇది చాదస్తమా, ఇది చాదస్తమా అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆయన తొణకలేదు. ప్రభుత్వం తరఫున సాహిత్యం తెలిసిన సాక్షి ఒక్కడూ రాలేదు. జ్యూరీ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళడానికి జడ్జి ఒప్పుకోలేదు, కోర్టులోనే ఒక గదిలో కూర్చుని చదివారు. నిర్దోషి అని తీర్పు. నవంబరు 10న అమ్మకానికి పెడితే మొదటి రోజే రెండు లక్షలూ అయిపోయాయి. తరవాతి ముద్రణని పెంగ్విన్ ఆ పన్నెండుమంది జ్యూరీకే అంకితం ఇచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. లారెన్స్‌ని ఇంగ్లిషు నవలాకారుల్లో మొదటి వరసలో కూర్చోబెట్టిన విమర్శకుడు ఎఫ్.ఆర్. లీవిస్. సాక్ష్యం చెప్పమంటే ఆయన రానన్నాడు. లారెన్స్ గొప్పవాడే గాని ఇది ఆయన గొప్ప పుస్తకం కాదని ఆయన అభిప్రాయం. నా ఓటూ లీవిస్‌కే. లారెన్స్ 'ద రెయిన్‌బో' దీనికంటే చాలా పెద్ద నవల. దాన్ని 1915లోనే కోర్టు ఉత్తర్వుతో నాశనం చేశారు, వెయ్యికి పైగా కాపీలు పోయాయి. అప్పుడు దాని తరఫున నిలబడే చట్టం లేదు, ప్రచురణకర్తకి తెగువ లేదు. కాబట్టి క్లాసిక్ అనిపించుకున్న ప్రతిదీ ఆ రచయిత రాసిన వాటిలో గొప్పదేనని అనుకోవద్దు. కొన్నిసార్లు చరిత్రలో అది నిలబడ్డ చోటు గొప్పది.

జేమ్స్ జాయిస్ 'యులిసిస్' కథ వేరే రకం, ఇందులో హాస్యం ఎక్కువ. ఒక చిన్న అమెరికన్ పత్రిక దాన్ని భాగాలుగా వేస్తుంటే 1921లో ఆ పత్రిక నడిపే ఇద్దరు ఆడవాళ్ళకి చెరో యాభై డాలర్లు జరిమానా పడింది. 1922లో పారిస్‌లో పుస్తకాల షాపు నడుపుకునే సిల్వియా బీచ్ దాన్ని పుస్తకంగా తెచ్చింది. పదేళ్ళకు పైగా దాని బతుకు పెట్టెల అడుగునే, బట్టల మడతల్లోనే. 1926లో ఇందాక చెప్పిన లీవిస్ కేంబ్రిడ్జిలో పాఠానికి ఒక కాపీ తెప్పించుకోవచ్చా అని పద్ధతి ప్రకారం అడిగితే అధికారులు ఆయన మీదే ఆరా తీశారు.

చివరికి అమెరికాలో ర్యాండమ్ హౌస్ వాళ్ళు కావాలనే కేసు తెచ్చిపెట్టుకున్నారు. పారిస్ నుంచి ఒక కాపీ తెప్పించారు. మామూలు కాపీ కాదది, దాని అట్టల లోపల పెద్దపెద్ద విమర్శకుల వ్యాసాలు అతికించారు. పట్టుకున్న పుస్తకమే కోర్టులో సాక్ష్యం కాబట్టి, ఆ వ్యాసాలూ జడ్జి ముందుకి వెళ్తాయని లాయర్ల ఎత్తు. తీరా ఓడ దిగితే కస్టమ్స్ మనిషి పట్టుకోడు! ఇది అందరూ తెచ్చుకునేదే, పొండి అన్నట్టు మాట్లాడాడు. బతిమాలి పట్టించుకోవాల్సి వచ్చింది. 1933 డిసెంబరు 6న జడ్జి జాన్ ఊల్సీ ఇది అశ్లీలం కాదన్నాడు. కొన్ని చోట్ల వాంతి తెప్పిస్తుందేమో గాని కోరిక మాత్రం పుట్టించదని ఆయన మాట సారాంశం. ఇంత పోరాడి గెలిచి, తొందరలో ర్యాండమ్ హౌస్ వేసిన మొదటి ముద్రణ పొరపాటున ఒక దొంగ ప్రతిని చూసి కూర్చినది. తప్పులతో సహా. చట్టబద్ధమైన మొదటి అమెరికన్ 'యులిసిస్' ఒక దొంగ ప్రతికి బిడ్డ అన్నమాట.

ఇంగ్లిషు, ఫ్రెంచి కథలే చెప్తున్నావు, మన దగ్గర లేవా అంటారేమో. ఉన్నాయి. మన కథలో శృంగారం ఊసే లేదు, అందుకే అది ఇంకా తేటగా కనబడుతుంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకి వెళ్ళి అక్కడ 'మాలపల్లి' రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మాల కులంలో పుట్టిన రామదాసు కుటుంబం, కూలీల తరఫున మాట్లాడే కొడుకు సంగదాసు, అతన్ని కొట్టి చంపే ఆసామి చౌదరయ్య, ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పెట్టే జగ్గడు. పైగా భాష గుంటూరు జిల్లా పల్లెల్లో మాట్లాడుకునే భాష. రష్యాలో విప్లవం వచ్చి అప్పటికి అయిదేళ్ళే. ఈ పుస్తకం ఏం చెప్తోందో దొరలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మద్రాసు కౌన్సిల్లో దాని మీద చర్చ నడిచింది. తరవాత కొన్ని మార్పులతో అచ్చుకి ఒప్పుకున్నారు.

అసలు మలుపు ఆ తరవాత వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యపుస్తకంగా పెట్టింది. వెంటనే 1936లో ప్రభుత్వం మళ్ళీ నిషేధించింది, పాఠం చెప్పడానికి కూడా వీల్లేదంది. షాపులో ఉంటే సహించిన పుస్తకాన్ని క్లాసులోకి రాగానే సహించలేకపోయారు. అక్కడ మూడున్నర షిల్లింగులు చేసిన పని ఇక్కడ సిలబస్ చేసింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక నిషేధం ఎత్తేశారు. ఎందుకు భయపడ్డారో, దళిత జీవితాన్ని కథకి నడిమధ్య పెట్టిన నవలగా ఇవాళ దాన్ని ఎందుకు తలుచుకుంటున్నామో, రెంటికీ జవాబు ఒకటే.

చలం గారి 'మైదానం' సంగతి వేరు. 1927లో వచ్చింది. అక్కడ తీర్పులన్నీ ఇళ్ళల్లోనే జరిగాయి. పరుపు కింద దాచుకుని చదివిన పుస్తకం. భర్తని వదిలి అమీర్‌తో వెళ్ళిపోయిన రాజేశ్వరి 'నాది లేచిపోవడం కాదు' అన్నట్టు మాట్లాడే ఆ గొంతే జనానికి కంపరం, తరవాతివాళ్ళకి అబ్బురం. ఇంట్లో జరిగే తీర్పుకి అప్పీలు ఉండదు, నిపుణుల సాక్ష్యం ఉండదు. అందుకే చలాన్ని మెచ్చుకోవాలా తిట్టాలా అన్నది మన దగ్గర ఇప్పటికీ తెగలేదు. ఒక రకంగా అది ఆయన అదృష్టం అంటాను. చప్పబడిపోలేదు.

మరి నిలబడనివి? వాటి గురించి ఎవరూ అడగరు. 1928లోనే లండన్‌లో రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన 'ద వెల్ ఆఫ్ లోన్లీనెస్' మీద కేసు నడిచింది. ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమ కథ. మొత్తం పుస్తకంలో అభ్యంతరం అనదగ్గ వాక్యం, ఆ రాత్రి వాళ్ళు విడిపోలేదు అన్న అర్థం వచ్చే ఒక్కటి. దాదాపు నలభైమంది సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి వచ్చారు, వాళ్ళలో వర్జీనియా ఊల్ఫ్ కూడా ఉంది. మెజిస్ట్రేటు ఒక్కరి మాటా వినలేదు, ఇది సాహిత్యమా కాదా అన్నది నాకు అనవసరం అన్నాడు. కాపీలు ధ్వంసం చెయ్యమన్నాడు. సాక్ష్యానికి వచ్చినవాళ్ళలో కొందరికి ఆ నవల పెద్దగా నచ్చలేదు కూడా, సూత్రం కోసం వచ్చారు. నాకూ ఆ వచనం బరువుగానే అనిపిస్తుంది. అయినా అది బతికింది. ఆ పుస్తకంలో తమ బతుకు మొదటిసారి చూసుకున్నవాళ్ళు దాన్ని వదల్లేదు కాబట్టి. క్లాసిక్స్‌లో ఈ రకం కూడా ఉంటుంది. వాక్యం కోసం కాక, వాక్యం వెనకాల ఉన్న మనిషి కోసం చదివేది.

చాటర్లీ కథకి మన దేశంలో ఒక తోక ఉంది. 1959 డిసెంబరులో, అంటే లండన్ కేసుకి ఏడాది ముందే, బొంబాయిలో ఒక చిన్న పుస్తకాల షాపులో పోలీసులు పంపిన దొంగ బేరగాడు ఆ నవల కొన్నాడు. షాపు భాగస్వాముల మీద కేసు. ముల్క్ రాజ్ ఆనంద్ వచ్చి ఇది సాహిత్యమని సాక్ష్యం చెప్పారు. భాగస్వాములకి తలా ఇరవై రూపాయల జరిమానా పడింది. రంజిత్ ఉదేశీ అనే భాగస్వామి సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1964లో జస్టిస్ హిదయతుల్లా ధర్మాసనం శిక్షని ఖాయం చేసింది. లండన్‌లో నిర్దోషి అయిన నాలుగేళ్ళకి ఇక్కడ దోషి! కారణం, అక్కడ పార్లమెంటు పక్కన పెట్టేసిన 1868 నాటి హిక్లిన్ కొలతనే మనం పట్టుకుని కూర్చున్నాం. చెడిపోవడానికి సిద్ధంగా ఉన్న మనసు చేతిలో ఈ పుస్తకం పడితే ఏమవుతుంది, అన్నది దాని లెక్క. ఊళ్ళో అందరికంటే బలహీనమైన కడుపుకి ఏది పడుతుందో అదే అందరికీ వండాలన్నట్టు. 1969లో మన చట్టంలోనూ సాహిత్యానికి, కళకి మినహాయింపు వచ్చింది. 1985లో బెంగాలీ రచయిత సమరేశ్ బసు 'ప్రజాపతి' నవల మీద పడ్డ శిక్షని సుప్రీంకోర్టు కొట్టేసింది. అశ్లీలతని తూచేటప్పుడు జడ్జి ముందు రచయిత చోట, తరవాత పాఠకుడి చోట నిలబడి చూడాలని చెప్పింది. హిక్లిన్ కొలతని పూర్తిగా వదిలెయ్యడానికి మాత్రం 2014 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంతకీ మీ ప్రశ్నలో అడగని ప్రశ్న ఒకటుంది. క్లాసిక్ అయ్యాక పుస్తకానికి ఏమవుతుంది? మంచే జరుగుతుందని నేను అనుకోను. క్లాసులో 'మాలపల్లి'ని సంఘసంస్కరణ నవల అని అయిదు మార్కుల ప్రశ్నకి కుదిస్తాం. జగ్గడి దోపిడీల సంగతి ఎవరూ అడగరు, పరీక్షలో రాదు కాబట్టి. ఎమ్మా బోవరీ 'పాత్రచిత్రణ' అయిపోతుంది. పినార్‌కి ఆ పుస్తకం చదువుతుంటే పట్టిన చెమట మా స్టూడెంట్లకి పట్టలేదు. అందుకే నేను ఆ నవల చెప్పేటప్పుడు ముందు ప్రాసిక్యూటర్ వాదన చెప్పి, ఇప్పుడు మీరు డిఫెన్సు లాయర్లు, సమాధానం చెప్పండి అనేవాణ్ణి. గైడ్లు పక్కన పెట్టి పుస్తకం తెరిచేవాళ్ళు.

ఇవాళ గొడవ చేస్తున్న పుస్తకాల్లో ఏది నిలుస్తుందని అడిగితే, జోస్యం చెప్పలేను. తమిళంలో పెరుమాళ్ మురుగన్ పిల్లలు లేని ఒక జంట గురించి రాసిన 'మాదొరుబాగన్' నవల మీద 2014 చివర్లో తిరుచెంగోడులో ఎంత రభస జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. రచయిత పెరుమాళ్ మురుగన్ చచ్చిపోయాడు అని ఆయనే ప్రకటించుకున్నాడు. 2016లో మద్రాసు హైకోర్టు, నచ్చకపోతే పుస్తకం అవతల పడెయ్యండి అని గొడవ చేసినవాళ్ళకి, రాయమని ఆయనకి చెప్పింది. ఆ నవల క్లాసిక్ అవునో కాదో చెప్పడానికి ఇంకా టైముంది. కేసు సంగతి తెలియని కుర్రాడొకడు ఎప్పుడో దాన్ని తీసి, పిల్లలు లేని ఆ భార్యాభర్తల కోసం చివరిదాకా చదివితే అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఎవరైనా ఫలానా పుస్తకం తగలబెట్టాలి అంటే, ఏ పేజీ చూసి అంటున్నారో అడిగి ఆ పేజీ మీరూ చదవండి. అసలు పుస్తకం చదవకుండానే అంటున్నారా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది. పినార్‌కీ వీళ్ళకీ అదే తేడా.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ముందు 'మదాం బోవరీ' రెండో భాగం తొమ్మిదో అధ్యాయం చదవండి, అద్దం సీను అక్కడే ఉంది. చాలా ప్రతుల్లో వెనకాల కోర్టు వాదనలు కూడా వేస్తారు, అవి వదలొద్దు. 'మాలపల్లి' కొనేటప్పుడు అట్ట మీద 'సంక్షిప్తం' అని ఉందేమో చూసుకుని, ఉంటే పూర్తి ప్రతి అడగండి. 'యులిసిస్' జోలికి ఇప్పుడే పోవద్దు. మొదటి యాభై పేజీల్లో వదిలేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను, తప్పు వాళ్ళది కాదు.